తిరిగిచ్చే గుట్ట

తెర మీది గుట్ట బొమ్మలోంచి జింకలు తీసేద్దామని జాబెజ్ రెండోసారి అడిగాడు. గని కంపెనీ మేనేజరు శంకరనారాయణ ఒప్పుకోలేదు.

"ఉండనీలేప్పా. సభకొచ్చే ఆఫీసరు సాహేబ్రు జింకల్ని చూస్తే మెత్తబడతారు. ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేరే కదా, ఇంకో నాలుగు వేస్తే నీ సొమ్మేం పోతాది?"

ఊరికే వచ్చిందన్న మాట నిజమే. ఆన్‌లైన్ ఆటలకు లోకాలు కట్టుకునే సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇంకొకరికి ఇస్తే, వాళ్లూ మార్చుకునేలా ఇవ్వాలి. షరతు అదొక్కటే. బ్రూస్‌పేటలో తన కంప్యూటర్ షాపులో కూర్చుని దానితో పిల్లల ఆట కట్టుకుంటున్న జాబెజ్‌ను శంకరనారాయణే వెతికి పట్టుకున్నాడు. తారానగర్ అవతలి ఊరివాళ్లకు వాళ్ల గుట్టను తెర మీద చూపించాలన్నాడు. తవ్వకం ముగిశాక కంపెనీ తిరిగిచ్చే గుట్ట.

అది ఎలా ఉండాలో చెప్పింది ఆ ఊరి మద్దమ్మ. మేకలు కాస్తుంది. ఇంటి అరుగు మీద కూర్చుని, చెయ్యి చాపి చూపిస్తూ ఒక పూటంతా చెప్పింది. ఏ బండ పక్కన ఏ చెట్టు, దారి ఎక్కడ చీలుతుంది, ఎలుగుబంటి ఎక్కడ పడుకుంటుంది. జాబెజ్ ఏదీ వదల్లేదు.

ఇవాళ తవ్వకానికి ఊరి అభిప్రాయం అడిగే సభ. తెర మీద బొమ్మ కనపడాలని షామియానాకు నాలుగు వైపులా గుడ్డలు కట్టారు. బయట ఖనిజం లారీలు పోతుంటే ఎర్రదుమ్ము లోపలికి వస్తోంది. ముందు వరసలో సభ జరిపించడానికి వచ్చిన ప్రభుత్వ అధికారి మోసంబి రసం తాగుతున్నాడు. జాబెజ్ మీటలు నొక్కుతుంటే తెర మీద ఒక ఆడమనిషి గుట్ట ఎక్కుతోంది. ఆమె కాళ్లకు చెప్పుల్లేవని, ముల్లు గుచ్చుకుంటుందని వెనక ఎవరో అన్నారు. జనం నవ్వారు.

మద్దమ్మ లేచింది. "ఈడ జింక యాడిదప్పా? కరడి ఉండల్ల గదా."

"కరడి గూడా వస్తాదిలే అవ్వా," అన్నాడు శంకరనారాయణ. ఆ ఎలుగుబంటిని పొద్దున తీయించింది ఆయనే.

"ఊట?"

ఎండాకాలం ఆమె మేకలకు నీళ్లంటే ఆ ఊటే.

"చూపియ్యప్పా," అన్నాడు శంకరనారాయణ. తెర మీది మనిషి బండ చుట్టూ తిరిగింది. రాళ్ల సందున నీళ్లు పారాయి. మద్దమ్మ చాలాసేపు చూసి కూర్చుంది.

అధికారి "చెన్నాగిదె" అని మెచ్చుకుని, ఊరికి అభ్యంతరం లేదని రాయించాడు.

లడ్డూలు పంచుతుంటే జాబెజ్ మెల్లగా అడిగాడు. "సార్, ఆ నీళ్లు నేను గీసినవి. రాయంతా తవ్వినాక ఊట యాడ్నుంచి వస్తాది?"

"గుట్ట తిరిగిచ్చేది ఇరవై ఏండ్లకు గదప్పా. అడగనీకి ముసల్ది ఉంటాదా?"

జాబెజ్ తన లడ్డూను బల్ల మీద పెట్టి, చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు.

మద్దమ్మ మాత్రం లడ్డూ కొంగున కట్టుకుంది. "మేకలకు నీళ్ల యాళయింది" అంటూ షామియానా గుడ్డ తప్పించుకుని బయటికొచ్చి, ఇంకా ఒక్క గడ్డపార పోటైనా పడని ఆ గుట్ట మీదికి మేకల్ని తోలుకుపోయింది.