వెతుక్కుంటూ వచ్చేవాళ్లు

"ముందు దాన్ని తీసెయ్. తర్వాత మాట్లాడదాం," అంది అత్త.

కోడలు చేతిలో ఫోను వదల్లేదు. "ఒక్క నిమిషం వినండి అత్తయ్యా. నిన్న పొద్దున పెట్టాను. ఇప్పటికి తొమ్మిది వేల మంది మన వెబ్‌సైట్‌కి వచ్చారు. సెర్చ్‌లో వెతుక్కుని రోజుకి నలభై మంది వస్తే అదే గొప్ప మనకి."

"ఆ నలభై మందే నాకు చాలు."

కుట్టు మిషను మీద సగం కుట్టిన బట్ట అలాగే ఉండిపోయింది. క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసిన ఆడవాళ్లకు, ఆ వైపు దూదీ చిన్న బరువూ అమర్చి, పైకి తేడా తెలియకుండా లోదుస్తులు, ఈత దుస్తులు కుడుతుంది అత్త. వెబ్‌సైటూ ఆర్డర్లూ పార్సెళ్లూ కోడలి పని. ఒకే గదిలో, ఒకే బల్లకి అటొకరు ఇటొకరు. ఇంతవరకూ ఇద్దరి మధ్యా మాటా మాటా వచ్చింది లేదు.

ఇవాళ వచ్చింది. ఒక కస్టమర్ రాసిన ఉత్తరాన్ని ఫొటో తీసి కోడలు సోషల్ మీడియాలో పెట్టింది. ఈత నేర్పే టీచర్ ఒకావిడ చేత్తో రాసిన ఉత్తరం అది. 'రెండేళ్ల తర్వాత మళ్లీ నీళ్లలో దిగాను. పిల్లలెవరూ నా వైపు వింతగా చూడలేదు. గట్టెక్కి వచ్చి, ఎవరికీ కనపడకుండా ఏడ్చాను.'

"పెట్టే ముందు ఆవిణ్ణి అడిగావా?"

"అడిగితే వద్దంటారేమోనని..."

"అంటే, వద్దంటుందని తెలిసే పెట్టావన్నమాట."

"పేరు కనపడకుండా నల్లరంగు పూశాను కదా అత్తయ్యా. ఆవిడెవరో ఎవరికీ తెలీదు."

"ఆవిడకి తెలుసు."

అత్త కళ్లజోడు పెట్టుకుని ఫోను లాక్కుంది. ఉత్తరం కింద వరసగా కామెంట్లు. దణ్ణాల బొమ్మలు, పూల బొమ్మలు. వాటి మధ్య ఎవడో వేసిన వెకిలి జోకు. ఆ జోక్‌కి నాలుగొందల నవ్వులు.

"వీళ్లేనా నీ తొమ్మిది వేల మంది? మన సైట్‌లో ఎంతసేపున్నారు?"

"చాలామంది... పది సెకన్లు."

"ఆర్డర్లు?"

"రెండు."

"ఆ నలభై మంది నుంచి?"

కోడలు తల దించుకుంది. "మూడు."

"మరి? సెర్చ్‌లో వెతికేది ఎవరనుకుంటున్నావ్? ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు గడియ పెట్టుకుని టైపు చేసేవాళ్లు. ఎవరూ చూడరన్న ఒక్క ధైర్యంతో మన దాకా వస్తారు. కొలతల పేజీ ఒక్కటీ పావుగంట చదువుతారు. అలాంటి మనిషిని తీసుకెళ్లి నడిబజార్లో నిలబెట్టావు నువ్వు."

కోడలి మొహం ఎర్రబడింది. అయినా మాట మింగలేదు. "మీరన్నది నిజమే. కానీ సెర్చ్‌లో మనం మూడో పేజీలో ఉన్నాం. పైనంతా పెద్ద కంపెనీలే. అదీ పోనివ్వండి. ఇలాంటిది ఒకటి దొరుకుతుందని తెలిస్తే కదా ఎవరైనా వెతికేది? తెలియనివాళ్లు ఏమని టైపు చేస్తారు? నిన్న ఆర్డరిచ్చిన ఇద్దరిలో ఒకావిడ ఆరేళ్లుగా చేతిరుమాళ్లు మడిచి పెట్టుకుంటోందట. ఈ పోస్టు కంట పడబట్టే మన దగ్గరికి వచ్చింది."

అత్త కోపం మాత్రం దిగలేదు.

"ఆవిడకి మేలు జరిగితే సంతోషమే. దానికోసం ఇంకో ఆడమనిషి కడుపులో దాచుకున్న మాట తీసి అందరి నోళ్లలో వెయ్యక్కర్లేదు. నా చేత్తో కుట్టినంత కాలం ఈ ఇంట్లో అలాంటి పని జరగదు. తీసెయ్."

కోడలు ఫోను అందుకుంది. అంతలో కాలింగ్ బెల్ మోగింది.

గుమ్మంలో ఈత టీచర్. కొలతలివ్వడానికి ఒకే ఒక్కసారి వచ్చిన మనిషి. అయినా అత్త చూడగానే గుర్తుపట్టింది. తడి జుట్టు ఎలా పడితే అలా ముడేసుకుని, మెట్లెక్కిన ఆయాసంతో నిలబడి ఉందామె. చేతిలో ఫోను. తెర మీద అదే పోస్టు.

అత్త గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"ఇది నా చేతిరాత," అంది టీచర్.

"అవునమ్మా. తప్పు మాదే. ముందు లోపలికొచ్చి కూర్చోండి."

ఆమె లోపలికి వచ్చింది కానీ కూర్చోలేదు. "ఎవరు చేశారిది?"

కోడలు ఒక అడుగు ముందుకేసింది. "నేనేనండీ."

అత్త చప్పున ఇద్దరి మధ్యకీ వచ్చింది. ఇందాకటి నుంచీ కోడల్ని దులిపేస్తున్న గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "చిన్నపిల్ల, తెలియక చేసింది. పెద్దదాన్ని నేనున్నాను. ఏమన్నా ఉంటే నన్నే అనండి."

"నన్నొక్క మాట అడగాలనిపించలేదా మీకు?"

"అడగాల్సిందండీ," అంది కోడలు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇదిగో, మీ ఎదురుగానే తీసేస్తున్నాను."

బొటనవేలు తెర మీదికి వెళ్లేలోగా టీచర్ ఆమె మణికట్టు పట్టుకుంది.

"తీసెయ్యమని నేనన్నానా?"

అత్తా కోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

టీచర్ రెండు వేళ్లతో ఫొటోని పెద్దది చేసి, ఉత్తరం చివరి వరసని ఇద్దరి కళ్ల ముందూ పెట్టింది.

"నేనేం దొంగతనం చేశానని నా పేరు మీద నల్లరంగు పూశారు?"