అల్లుడికి ప్రాస పరీక్ష

"మా నాన్న ఏ వస్తువునీ దాని పేరుతో పిలవడు. దానికి ప్రాస కలిసే మాటతో పిలుస్తాడు. ఆ భాష రానివాడితో మాట్లాడనే మాట్లాడడు" అని టీగన్ ముందే హెచ్చరించింది.

దాంతో ఆమెను పెళ్లాడాలనుకుంటున్న లాక్లన్ తిండీ నిద్రా మాని ఆ మాటలన్నీ కంఠతా పట్టాడు.

భయం ఊరికే కాదు. ఇంతకుముందు టీగన్ తీసుకొచ్చిన ఇద్దరు కుర్రాళ్లూ భోజనం పూర్తికాకుండానే గేటు దాటారు. ఇద్దరికీ ఫుట్‌బాల్ దగ్గరే చెడింది. టీగన్ నాన్న కెల్ డన్‌స్టన్ పోర్ట్ అడిలైడ్ రేవులో ఓడలకు సరుకెత్తిన మనిషి. తన అభిమాన క్లబ్బును ఒక్క మాటంటే ఊరుకోడు. లాక్లనేమో పుట్టుకతోనే ఎదుటి క్లబ్బువాడు. ఈసారీ చెడితే ఇక ఎవరినీ ఇంటికి తీసుకురానని టీగన్ తేల్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం. పెరట్లో పొయ్యి మీద సాసేజ్‌లు చిటపటలాడుతున్నాయి.

కెల్ కుర్రాణ్ణి ఎగాదిగా చూశాడు. "బ్యాగ్ ఆఫ్ ఫ్రూట్ తొడుక్కొచ్చావేంటి అబ్బాయ్? పెళ్లికొచ్చావా?"

ఫ్రూట్... సూట్. లాక్లన్‌కు ప్రాణం లేచొచ్చింది. "దీని మీద డెడ్ హార్స్ ఒలక్కుండా తింటాలెండి కెల్ గారూ."

హార్స్... సాస్. కెల్ కాసేపు ఆకాశంలోకి చూసి తలాడించాడు. "ఫ్రాగ్ అండ్ టోడ్ మీద ఇబ్బందేం పడలేదు కదా?"

టోడ్ అంటే రోడ్. "లేదండీ. ఒక జో బ్లేక్ అడ్డొచ్చింది, అంతే."

బ్లేక్‌కి స్నేక్. కెల్ మళ్లీ ఆకాశంలోకి చూశాడు. మాటకు ముందు ఇంత ఆలోచించే మనిషిని లాక్లన్ ఎక్కడా చూడలేదు. పెద్దరికం అంటే ఇదే కాబోలు అనుకున్నాడు.

"ఇన్ని మాటలు మీకెలా వచ్చాయండీ?"

"మా ముత్తాత లండన్‌లో ఓడెక్కినప్పుడు వెంట తెచ్చుకున్నాడు. మాకు ఉగ్గుపాలతోనే వచ్చేశాయి" అన్నాడు కెల్, పొయ్యి మీద సాసేజ్‌ను అటు తిప్పుతూ.

పొద్దు వాలింది. ఫుట్‌బాల్ ఊసే రాలేదు. లాక్లన్‌కు ప్రాసలు వెతుక్కోవడానికే సరిపోయింది.

చివరికి కెల్ అతని భుజం తట్టాడు. "వచ్చే ఆదివారం కూడా రావయ్యా."

లాక్లన్ ఉబ్బితబ్బిబ్బై చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాడు.

కెల్ గబగబా కూతురి పక్కన చేరి గొంతు తగ్గించాడు. "అమ్మా, అతగాడికి ఆ భాషంటేనే ఇష్టమని నన్ను కూర్చోబెట్టి నువ్వు నేర్పినవన్నీ అయిపోయాయి, వచ్చే వారానికి ఇంకో నాలుగు నేర్పు."