పిండి సంచి

“ముందు నువ్వు తిను.”

పరశురాములు కంచాన్ని భార్య ముందుకు నెట్టాడు. నవనీత జొన్నరొట్టె తుంచి, వంకాయ కూరలో అద్ది, నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది.

“సూడు, బతికే ఉన్న. ఇగ తిను.”

“నీకు విరుగుడు ముందే ఇచ్చి ఉంటరు.”

“అవ్, దవఖానల గదే పంచుతుండ్రు. లైన్ల నిలవడి తెచ్చుకున్న.”

అతను కంచం ముట్టలేదు. నిన్నటి నుంచి కడుపులోకి పోయింది రెండు బ్రెడ్డు ముక్కలే. దుబాయిలో పనికి ఉన్నప్పుడు వెంటబడ్డవాళ్లు చొప్పదండి దాకా వచ్చారని అతని నమ్మకం. వీధి మలుపులో ఆగే తెల్లకారు, వాకిట్లో దగ్గే పాలవాడు, ఎదురుగా గిర్నిలో పిండి పట్టే అల్తాఫ్, అందరూ ఒకే ముఠా. ఆ ముఠాకు ఇంట్లో మనిషి నవనీత. ఆమె ఫోనును పోయిన నెల అతను రోకలితో నుగ్గునుగ్గు చేసింది అందుకే.

“పోతే పోయింది,” అంది ఆమె అప్పుడు, ముక్కలు చాటలోకి ఎత్తుతూ. “దాంట్ల ఒక్క అక్షరం కొట్టుడన్న నాకు వచ్చునా?”

ఆ మాట మాత్రం నిజమే అనుకున్నాడు. పదో తరగతి తప్పిన మొఖం!

అతని మనుషులంతా తన ఫోన్లో ఉన్నారు. ‘నీడల బాధితులు’ అని గ్రూపు పేరు. అక్కడ ఎవరికీ అసలు పేరుండదు, నంబరు కనిపించదు. ఒకతనికి వీధిలో ఎర్రచీర కనబడితే సంకేతం. ఇంకొకామెకు కుక్క మొరిగితే సంకేతం. ఎవరేమన్నా మిగతావాళ్లు ‘నాకూ అంతే’ అంటారు. నమ్మని లోకమంతా గొర్రెల మంద. ఆ గొర్రెల మధ్య మేల్కొన్నది తామే అన్న గర్వం ఒక్కటే వాళ్లకు కడుపు నింపే తిండి. గ్రూపు పెద్ద ‘కెప్టెన్’ పొద్దున్నే ఆజ్ఞ వేశాడు: మందులు పారేయండి, ఇంటివాళ్లను వదలండి, నాగపూర్ వచ్చేయండి.

సాయంత్రం పెద్దపల్లిలో రైలు. పరశురాములు సంచి సర్దేశాడు.

“ఎటు పోతున్నవ్?” నవనీత సంచి వైపు చూసింది.

“నీ సార్లను అడుగు. వాళ్లకు తెల్వంది ఉంటదా?”

“మా సార్లు ఇయ్యాల సెలవుల ఉన్నరు. పొద్దుగాల గోలీ వేసుకున్నవా?”

“అదొక్కటే నీ ఫికర్.”

ఆమె వంటింట్లోకి పోయింది. పిండిడబ్బా మూత చప్పుడైంది.

“ఎన్నిసార్లు తీస్తవే ఆ డబ్బా?”

“రొట్టెలు గాలితోని చెయ్యరాదయ్యా!”

అతను పళ్లు కొరుకుతుండగా ఫోనులో మెసేజ్ మోగింది. బొగ్గుబాయి అన్న! మందమర్రి గనిలో పనిచేసి దిగిపోయానని చెప్పుకునే ఈ మనిషి గ్రూపులో కొత్తగా చేరాడు. ఫోన్లో మాట్లాడడు, రాతే. గొంతు దొరికితే మనిషి దొరికినట్టే అంటాడు. గ్రూపు మొత్తంలో తిన్నావా, పడుకున్నావా అని అడిగేది ఈయనొక్కడే.

‘తిన్నవా తమ్మీ?’

‘లేదన్నా. పోతున్న. కెప్టెన్ నాగపూర్ రమ్మన్నడు.’

‘స్టేషన్ల అంత మంది కొత్తోళ్లుంటరు. అండ్ల ఎవలు వాళ్ల మనుషులో ఎట్ల పోల్చుకుంటవ్?’

పరశురాములు చెయ్యి ఆగింది. ఇది తనకు తట్టలేదు.

‘గోలీలు పారెయ్యమన్నడన్నా.’

‘గోలీలు మొదలువెట్టినంక గోడల్ల మాటలు తగ్గినయా లేదా?’

‘జర తగ్గినయ్.’

‘మరి నీకు తగ్గుడు ఇష్టం లేనిది ఎవలకు? ఆలోచించు.’

కెప్టెన్! ఇన్నాళ్లూ ముఠావాడి మాటకే తల ఊపాడా? అప్పటికప్పుడు గ్రూపులోంచి బయటికి వచ్చేశాడు. కానీ అసలు ముల్లు ఇంట్లోనే ఉంది.

‘మా ఆమె సంగతేందన్నా? అల్తాఫ్ పిండి సంచిల ఏదో పెట్టి ఇచ్చిండు. పలక లెక్క గట్టిగుంది. నా కండ్లతోని చూసిన.’

కాసేపు జవాబు రాలేదు. వంటింట్లో రొట్టె తట్టే చప్పుడు కూడా లేదు. చెవి ఇటే పెట్టి ఉంటుంది, అనుకున్నాడు అసహ్యంగా.

‘పిండి సంచిల పిండి గాక ఏముంటది తమ్మీ? గా ముఠా నడిపేటోళ్లు తెలివిమంతులు. అక్షరం కొట్టరానిదాన్ని ఎవడన్న పనికి పెట్టుకుంటడా? విషం కలపాలన్నా కొలత తెల్వాలె. ఆమెకు ఉప్పు కొలతే తెల్వదని నువ్వే అంటివి.’

పరశురాములుకు నవ్వు ఆగలేదు. ఎన్ని వారాలైందో అలా నవ్వి.

“ఎవలయ్యా గంత నవ్విస్తుండ్రు?” వంటింట్లోంచి కేక.

“నీ తెలివి గురించే మాట్లాడుకుంటున్నం!”

“నవ్వుకోండ్రి. మంచిగనే ఉంది.”

అవును, ఈ మొద్దుకు అంత సీను ఎక్కడిది? అతను కంచం దగ్గరికి లాక్కున్నాడు. ఉప్పు ఎప్పటిలాగే ఎక్కువైంది. అయినా ఒక రొట్టె అయిపోయింది, రెండోదీ అయిపోయింది. సంచిలోంచి గోలీల పొట్లం తీసి, ఒకటి మింగి, నీళ్లు తాగాడు.

‘తిన్నన్నా. గోలీ వేసుకున్న. కనీ నాకు భయమైతుంది. నువ్వు సుత నన్ను ఇడిసిపెట్టి పోతవేమో.’

మళ్లీ డబ్బా మూత చప్పుడు. ఈసారి అతను విసుక్కోలేదు. కళ్లు మూతలు పడుతుండగా ఫోను వెలిగింది.

‘నేను ఎటూ పోను. జర పండుకో తమ్మీ, కావలి నేనుంట.’

వంటింట్లో నవనీత తన కొత్త ఫోనును మళ్లీ పిండిడబ్బాలో దాచింది.