ఇస్తానన్న డ్రా

“డ్రా ఇస్తున్నా, తీసుకోమ్మా. వెళ్లి నీ కుట్టుపని చూసుకో,” అన్నాడు లెక్చరరు, చెస్ గడియారం నొక్కుతూ. బోర్డు మీద ఆయనకో బంటు ఎక్కువుంది.

“వద్దు. ఆడండి,” అంది ఎదురుగా కూర్చున్న టైలరమ్మ.

“ఓడిపోతావ్!”

“ఓడించి చూపించండి.”

రెండు గంటలు పెనుగులాడారు. ఆయన ఆఖరి బంటును తినడానికి ఆమె తన ఆఖరి గుర్రాన్ని పోగొట్టుకుంది. ఇక రాజులిద్దరే మిగిలారు. ఆట డ్రా.

“ఇంతోటి దానికి ఇంతసేపా? నేనిచ్చినప్పుడే తీసుకుంటే పోయేదిగా!”

“అప్పుడు మీరిచ్చేవారు. ఇప్పుడు నేను లాక్కున్నాను.”

లెక్చరరు ఫలితాల కాగితం ఆమె వైపు జరిపాడు.

“ఇక్కడ సంతకం పెట్టండి.”

“ఈ ‘అండి’ కూడా లాక్కున్నదే,” అంటూ టైలరమ్మ పెన్ను అందుకుంది.