కొండమేక మీద భైరవుడు

"నువ్వు మేకవా, మనిషివా? ముందు అది తేల్చు," అన్నాడు నాగేశ్.

"మనిషినేరా! మేకగా మారినంత మాత్రాన మనిషి గాకుండా పోతానా?" చైత్రకు ఒళ్లు మండింది.

నవ్వుకునేవాళ్లు నవ్వుకోవచ్చు గాని, ఆ ఆదివారం మధ్యాహ్నం జంగమకోటెలో ఆ ముగ్గురికీ అంతకన్నా పెద్ద తగాదా లేదు.

వినుత వాళ్ల పట్టుపురుగుల షెడ్డుకు ముందున్న ఆకు గది వాళ్ల అడ్డా. తడి గోనెసంచుల చల్లదనం, మల్బరీ ఆకుల పచ్చి వాసన. లోపల పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. పాత చర్మం విడిచే ముందు పురుగు మేత మాని, తలెత్తి నిద్రపోతుంది. దాన్ని అక్కడ జ్వరమనే అంటారు. షెడ్డంతా ఒకటే నిశ్శబ్దం. వలతెర గుండా జల్లెడ పట్టినట్టు దిగే ఎండలో అందరికీ మత్తుమత్తుగా ఉంది.

వాళ్లది నోటితో ఆడే ఆట. తలా ఒక పాత్ర. నేనిది చేస్తానని చెప్పాలి, అయిందో లేదో పాచిక చెబుతుంది. పాచిక తేల్చలేని చోట నియమాల పుస్తకం. అదీ తేల్చలేకపోతే ఎవరి గొంతు పెద్దదైతే వాళ్లది. కథ నడిపేది నాగేశ్. వినుత బాణాలు వేస్తుంది. చైత్ర ఏ రూపమైనా ఎత్తగల మాయలాడి.

నాలుగో పాత్ర భైరవుడు, ఒక ముసలి సిపాయి. అది రవీంద్రది.

రవీంద్ర బైకు మీద నుంచి పడి చనిపోయి ఏడు నెలలైంది. కాలేజీలో కలిసిన స్నేహం. వీళ్లకు కబురు తెలిసేసరికి మట్టి చేసేశారు. వాళ్ల ఊరికి పోవాలని ముగ్గురూ అనుకున్నారు. ఏ ముఖం పెట్టుకుని పోతారు? పోయి ఏం మాట్లాడతారు? రేపూ మాపూ అంటూ నెలలు జరిపేశారు, అంతే.

భైరవుణ్ణి మాత్రం ఆటలోంచి తీసెయ్యడానికి ఎవరికీ మనసు రాలేదు. ప్రతి ఆదివారం చైత్ర గుర్రమంత కొండమేకగా మారేది, అతణ్ణి వీపున ఎక్కించుకునేది. అతను మాట్లాడడు, కత్తి దుయ్యడు. ఊరికే వెంట వస్తాడు. మంచుకొండల మీద, మబ్బుల్లో, వెన్నెల పారే వాగులు దాటుతూ ఏడు నెలలు అలా మోసింది. వారమంతా ఆ బరువు కోసమే ఎదురుచూసేది.

ఇవాళ నిట్టనిలువు కొండకు సగంలో ఉండగా మేకకు బాణం తగిలింది. ఆ దెబ్బకు మంత్రం వీగిపోయి చైత్ర మళ్లీ మనిషైంది.

"ఎక్కిన జంతువు లేకుండా పోతే మీదున్నోడు పడతాడు. పుస్తకంలో ఉండాది," అన్నాడు నాగేశ్. "మూడొందల అడుగులు. భైరవుడు బతకడు."

"నేను యాడికీ పోలేదే! బండ పట్టుకోనుండాను, ఆయన నా వీపునుండాడు."

"నాలుగు కాళ్ల మీద మోస్తే వాహనమే."

"రవీంద్రదిరా అది!"

"మోసేది మనిషైతే మీదున్నోడు పడడప్పా," అన్నారెవరో.

ముగ్గురూ తిరిగి చూశారు.

గుమ్మం బయట, సున్నం చల్లిన గీతకు అవతల, చెప్పులు విడిచి ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో!

వినుత గబుక్కున లేచింది. పరాయివాళ్ల కాళ్ల వెంట పురుగులకు రోగం వస్తుందని ఆ ఇళ్లల్లో మహా భయం. "లోపలికి రావద్దప్పా, పురుగు జ్వరంలో ఉండాది. ఆకు కావాల్నా? వెనక మా అవ్వ ఉండాది, అడగండి."

"రాన్లేమ్మా, ఈడే ఉంటాను." ఆయన చైత్ర వైపు చూశాడు. "నేను మోసినాను తల్లీ. ఐదేండ్ల పిల్లోణ్ణి వీపునేసుకోని గుట్టెక్కినాను. నడిమధ్యలో కాలు జారె. నా రెండు చేతులూ బండకేసినాను. వాడు పడలే. నా మెడ పట్టుకోని యాలాడె."

చైత్రకు ప్రాణం లేచొచ్చింది. "వింటివా?"

"పుస్తకంలో లేదు," విసుక్కున్నాడు నాగేశ్. "అప్పా, ఇది మా ఆట, మీకు తెలీదు. ఓటేద్దాం. పడతాడనేవాళ్లు చెయ్యెత్తండి." ముందు తనే ఎత్తాడు.

వినుత ఎత్తలేదు. చైత్ర చెవి దగ్గరికి వంగి, "ఎన్నాళ్లని మోస్తావే? నిన్ను చూస్తే నాకు భయమైతాది. దించెయ్," అంది.

ఎవరైనా ఆ మాట అంటారేమోనని చైత్ర ఏడు నెలలుగా భయపడుతూనే ఉంది. తీరా అన్నాక ఒళ్లంతా తేలికైంది. అదే ఆశ్చర్యం. కళ్లు మూసుకుంటే కొండ కనిపించింది, కింద తెల్లగా మబ్బు కనిపించింది. ఏడుపొచ్చింది.

చెయ్యెత్తింది.

నాగేశ్ భైరవుడి కాగితం తీసి, పేరు మీద అడ్డంగా ఎర్రగీత గీశాడు. దాన్ని మడిచి పుస్తకం మధ్యలో పెట్టాడు.

"అయిపాయనా?" గుమ్మం బయటి నుంచి పెద్దాయన అడిగాడు.

"ఆటలోనే లేప్పా," అంది చైత్ర, కళ్లు తుడుచుకుని నవ్వబోతూ.

"ఆటలోనేనా," అన్నాడాయన. "ఆ కాగితం..." అని ఏదో అడగబోయి ఆగిపోయాడు. చెప్పులు తొడుక్కోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. తరువాత బస్టాపు వైపు నడిచిపోయాడు.

కాసేపటికి వినుత అవ్వ అక్కయమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది.

"ఆయప్ప పాయనా? మజ్జిగ తెచ్చేదాకా ఉండమంటిని గదా, ఇంతన్నా తాగకపాయనే!"

"ఆకు బేరం కుదరలేదా అవ్వా?" అంది వినుత.

"ఆకేమిటికే ఆయప్పకు? మీ రవీంద్ర వాళ్ల నాయనంట. కొడుకు మీ ఆటలో ఇంకా బతికే ఉండాడని ఎవరో చెప్తే, ఒక్కసారి చూసిపోదామని మిట్టేమరి నుంచి వచ్చినాడంట."