ఓడ మీద మనిషి

"ముట్టుకోకు! ఆ కారం చేతులతో ముట్టుకోకు!"

గుమ్మంలోనుంచే అరిచాడు జాన్ బాషా. బొమ్మను అంచుల దగ్గర అరచేతులతో పట్టుకుని, నిండు గిన్నె మోసుకొస్తున్నవాడిలా నడిచొచ్చి, గోడకున్న మేకుకు తగిలించాడు.

కరీమున్ చేతులు వెనక్కి లాక్కుంది. పొద్దుట్నుంచీ మిరపకాయల తొడిమలు తీసిన చేతులు, భగభగ మండుతున్నాయి.

"అట్టపెట్టె ఏదండీ?"

"ఆగలేక పార్సిలాఫీసులోనే విప్పేశా."

నురగల సముద్రం మీద తెరచాపల ఓడ. కొడుకు మాలిక్ పనిచేసేది ఇనప ఓడలో. వేసి పంపే బొమ్మల్లో మాత్రం ఎప్పుడూ తెరచాపలే. చిన్నప్పుడు వాళ్ల నాన్న రాసిన సైన్‌బోర్డు మీద వేలు పెట్టి చెడగొట్టి, వీపు వాయగొట్టించుకున్నాడు. "ఆయిల్ రంగురా, వారందాకా ఆరదు" అని అప్పుడే నేర్చుకున్నాడు. తర్వాత ఫ్లెక్సీలొచ్చాయి, జాన్ బాషా కుంచెలు అటకెక్కాయి. ఇప్పుడాయన కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్.

వానాకాలంలో ఓడ కంపెనీ మనిషొకడు వచ్చి, జాన్ బాషాను బయటికి పిలిచి మాట్లాడి వెళ్లాడు. కొడుకు ఓడ దూరం రూటుకు మారిందట, ఇక ఫోన్లుండవట. అప్పట్నుంచీ ఈ బొమ్మలే. ఏదో రేవులో పోస్టు చేస్తే, ముంబై మీదుగా పర్చూరు చేరేసరికి నెల దాటుతుందట.

"ఈ అల చూడండి, ఓడకంటే ఎత్తుంది. పోయినసారి మబ్బు. అంతకుముందు తెరచాప చిరుగు. వాడు చెప్పలేక ఇట్టా చెప్తున్నాడేమో!" అంది కరీమున్.

"అలలు లేకపోతే సముద్రమెట్టా అవుద్దే? మన చెరువవుద్ది."

కరీమున్‌తోపాటే పనినుంచి వచ్చిన పక్కింటి నజ్మీన్ కిసుక్కున నవ్వింది.

"నీ భయం చూస్తే ఆ ఓడ మునగడానిక్కూడా సిగ్గుపడుద్ది వదినా!"

"నీ నోట్లో మన్ను! ఆ మాట అనకే."

"సర్లే గానీ, ఈసారి మనిషిని వేశాడు చూడు."

కరీమున్ దగ్గరికి జరిగింది. నిజమే. ఓడ అంచున, నీలం చొక్కాతో, గింజంత మనిషి.

పోయిన బొమ్మ వచ్చినప్పుడు ఆమే అడిగింది. ఖాళీ ఓడ చూస్తే గుండె ఆగిపోతోంది, వాణ్ణి వాడే వేసుకోమని కంపెనీవాళ్లతో కబురు పెట్టండి అని. అప్పుడు జాన్ బాషా గోడకేసి చూస్తూ, "చెప్తాలే" అన్నాడు.

"నా మాట విన్నాడండీ! ఇది నేను రంజాన్‌కి కుట్టించిన చొక్కానే!" కరీమున్ బొమ్మ మీదికి ఇంకా వంగింది. "ఇంకా ఏమన్నాడంట?"

"అమ్మను భయపడొద్దని చెప్పమన్నాడంట."

"ఎప్పుడొస్తాడంట?"

జాన్ బాషా మొహం తిప్పుకుని, తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు.

"పాడు ఘాటు. ఇల్లంతా కారమే."

అదీ నిజమే. సీజన్ మొదలైతే ఆ ఇంట్లో కారం తప్ప ఇంకే వాసనా ముక్కుకు తెలియదు.

"అన్నం తిని వెళ్లండి."

"ఆకల్లేదు." సైకిలు తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాడు. నాలుగు నెలలుగా ఆయనకు ఆకలన్నదే లేదు. కొడుకు మీద బెంగ మగవాళ్లకు అలాగే ఉంటుంది కాబోలనుకుంది కరీమున్.

నజ్మీన్ కూడా ఇంటికి పోయింది. కరీమున్ చేతులకు కొబ్బరినూనె పట్టించింది. సబ్బుతో కడిగి, మళ్లీ కడిగి, కొంగుతో తుడుచుకుంది. నాలిక్కి ఆనించి చూసింది. కారం లేదు.

ఇప్పుడు ముట్టుకోవచ్చు. నెలల తర్వాత ఆమె గుండె కాస్త తేలికపడింది. వేసుకోమంటే వేసుకున్నాడు. అంటే ఉన్నాడు, క్షేమంగా ఉన్నాడు.

"బిస్మిల్లా" అనుకుని, నిద్రపోయే పిల్లాడి వీపు నిమిరినట్టు, ఆ చొక్కాను ఒక్కసారి నిమిరింది.

వేలికి నీలం అంటుకుంది.