మా ఆయన కుడిచేతి తొడుగు

మా ఆయన గవర్రాజు మేకమాంసం కొట్టేవాడు. ఇప్పుడు పనివాళ్లందరికీ ఉన్నట్టే ఆయనకీ కుడిచేతికి యంత్రపు తొడుగు ఉండేది. ఇరవై ఏళ్లు వాడేసరికి ఆ చెయ్యి చేసే పనంతా దానికి వచ్చేసింది.

మనిషి పోయిన నెలలోపు అలాంటి తొడుగు నేర్చుకున్నదంతా ఆఫీసరు ముందు చెరిపించాలని చట్టం. ఎవరూ చెరిపించరు. పని తెలిసిన తొడుగుంటే కొడుక్కి దుకాణం నిలబడుతుంది.

"చెరిపించేద్దాంరా," అన్నాను ఆయన పోయాక మా అబ్బాయి సన్యాసితో.

"నాన్న పనితనమంతా అందులోనే ఉందమ్మా."

పెద్దకర్మ అయిన మర్నాడే దాన్ని తొడుక్కుని మేకని కొట్టాడు. పక్క దుకాణాలవాళ్లొచ్చి, అచ్చం గవర్రాజేనన్నారు.

మధ్యాహ్నం దాంతోనే అన్నానికి కూర్చున్నాడు. కూర వడ్డిస్తుంటే గరిటె కంచానికి తగిలి చప్పుడైంది. తొడుగు లేచి నా దవడ మీద కొట్టింది. గోడకి గుద్దుకుని పడ్డాను. పన్ను ఊడి చేతిలోకొచ్చింది.

"అమ్మా, నేను కాదే," అని ఏడ్చాడు.

"తెలుసు. గరిటె చప్పుడైతే మీ నాన్నకి పడేది కాదు."

ఆయన తలుపేసి కొట్టేవాడు. మెట్ల మీద పడ్డానని చెబితే వీడు నమ్మేవాడు.

అంతలో తొడుగు మళ్లీ చాచుకుని నా తల నిమిరింది. కొట్టిన ప్రతిసారీ ఆయన నిమిరినట్టే, మెల్లగా.

"విప్పరా," అన్నాను.

విప్పి ఇచ్చాడు. దుకాణంలో మొద్దు మీద పెట్టి మాంసం కత్తితో నరికాను. నాలుగో దెబ్బకి దాని వేళ్లు కదలడం ఆగింది.

నోట్లో నెత్తురు ఉమ్మేసి చెప్పాను. "రేపు ఆఫీసరొస్తే చెరిపేశామని చెప్పు."